గుసగుసకు గొంతునిచ్చు చిప్పు

హైదరాబాదునకు ఈశాన్యమున కాప్రా ప్రాంతము కలదు. అచ్చటికి పోవు బస్సులమీద ఈ.సి.ఐ.ఎల్. అను పేరు చూడని నగరవాసి అరుదు. ఎలక్ట్రానిక్స్ విద్యలో మన దేశము తన కాళ్లపై తాను నిలువవలెనని, 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఒక సంఘమేర్పడినది. దాని నివేదిక 1966లో వెలువడినది. మరుసటి సంవత్సరము, అనగా 1967 ఏప్రిల్ 11న, అణుశక్తి శాఖ క్రింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమైనది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దానికి ఆద్యులు. సమీపమందలి ఏ.ఎస్. రావు నగరు వారి పేర వెలసినదే.

ఈ సంస్థ నిర్మించిన 32 మీటర్ల ఏంటెనా బెంగుళూరు చెంత బ్యాలాలులో నిలిచియున్నది. 2008లో చంద్రయానము పలుకులను అది విన్నది. 2014 సెప్టెంబరు 24న మంగళయానము అంగారకుని చేరిననాడు వాని దూరము సుమారు 22 కోట్ల కిలోమీటర్లు. కాంతివేగమున వచ్చు కబురునకే 12 నిమిషములకు పైగా పట్టినది. అంత దూరము నడచి వచ్చిన తరంగములో మిగులు బలమెంత? దానికి చేయూతనిచ్చునదే ఆంప్లిఫయరు.

పూర్వము ఈ పని గాజు వాల్వులు చేసెడివి. 1947లో ట్రాన్సిస్టరు, 1958లో ఇంటిగ్రేటెడ్ సర్క్యూటు వచ్చినవి. నేడు బియ్యపుగింజంత చిప్పు ఆ పని చేయుచున్నది. ఒక్కొక్క కేంద్రమునకు శ్రుతి చేయనక్కరలేకయే విశాలమైన తరంగశ్రేణిని ఒక్కటే పెంచగలదు గనుక దానిని సర్వోపయోగి యందురు. అది 20 డెసిబెల్లులు పెంచునన్నచో, తరంగశక్తిని 100 రెట్లు చేయునని అర్థము.

అయితే దీనికి వివేకము లేదు. కుంచము గింజను, తాలును ఒక్కరీతిగా కొలిచినట్లు, ఇది మాటను, సద్దును సమముగా పెంచును. పైగా తన సద్దును కొంత చేర్చును. అందుచే తొలి మెట్టే ముఖ్యము. అంతరిక్ష శ్రవణ కేంద్రములలో ఆ తొలి ఆంప్లిఫయరును మిక్కిలి చల్లబరతురు. తాపమే ఆ సద్దునకు మూలము. ప్రక్కనున్న బలమైన కేంద్రము మీదపడినచో, చిప్పు ఉక్కిరిబిక్కిరియై లేని కేంద్రములను సృష్టించుటయు కలదు.

ఒకప్పుడు మేము మేడమీది ఏంటెనాకు పొడవైన తీగ వేసి, బూస్టరును టెలివిజను ప్రక్కనే అమర్చి మురిసితిమి. బొమ్మకంటె చుక్కలే హెచ్చినవి! తీగలోనే సగము శక్తి నశించిన పిమ్మట పెంచిన ఫలమేమి? బూస్టరును స్తంభముపైకి చేర్చిన పిదపనే బొమ్మ తేటపడినది. నేటి డిష్షు ఏంటెనా ముందు వ్రేలాడు చిన్న డబ్బాలో ఇట్టి ఆంప్లిఫయరు ఉండుట ఇందులకే.

గాలియం ఆర్సెనైడుతో ఇట్టి చిప్పులు చేయు గేటెక్ కేంద్రము హైదరాబాదులోనే కలదు. మహా ఏంటెనాను మనమే కట్టుకొంటిమి. దాని వెనుక కూర్చుండి తొలిమాట వినునది ఈ గింజయే. చెవి మనది, వినికిడి పరులది కారాదు. ఆ గింజను కూడ మనమే పండించుకొనుట శ్రేయస్కరమని మా మనవి.