సర్వర్‌ను ఇంటి కంప్యూటరుగా వాడిన అనుభవం

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను నిపుణుణ్ణి కాను. ఒక పొరపాటు చేసి, దానివల్ల కొంత నేర్చుకున్నవాణ్ణి మాత్రమే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు ముగిసింది. మా పాత ల్యాప్‌టాప్ విండోస్ 11కు పనికిరాదన్నారు. పారవేయడానికి మనసొప్పలేదు. మా శ్రీమతి బ్రతికుండగా తీసిన ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ముందుగా వాటిని వేరే డిస్కులోకి ఎక్కించి, ఉచితంగా దొరికే ఉబుంటు లినక్స్ 22.04 దింపుకున్నాను. అందులో డెస్క్‌టాప్, సర్వర్ అని రెండు రకాలు. సర్వర్ అంటే గట్టిది కాబోలునని అదే ఎక్కించాను.

తీరా చూస్తే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు! సర్వరును సాధారణంగా దూరం నుండి నడుపుతారు గనుక తెరపై హంగులుండవట. అయితే సాఫ్ట్‌వేరు భండారం రెండింటికీ ఒకటే. మనవడు ఫోనులో చెప్పగా ఒక్క ఆజ్ఞ టైపు చేసి జుబుంటు డెస్క్‌టాప్ తెప్పించాను. బొమ్మలు, కిటికీలు వచ్చాయి.

తర్వాత రెండు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది, ఆన్ చేసినప్పుడల్లా రెండు నిమిషాల ఆలస్యం. ఎక్కించేటప్పుడు నెట్ తీగ తగిలించాను. తర్వాత వైఫైకి మారినా, అది ఆ తీగ కోసమే ఎదురుచూసేది. తీగ బాధ్యతను నెట్‌వర్క్ మేనేజరుకు అప్పగించి, ఆ ఎదురుచూపు సేవను ఆపుచేశాము.

రెండవది నన్ను హడలగొట్టింది. ఫోటోలు తిరిగి ఎక్కిస్తుంటే సగంలో “స్థలం లేదు” అన్నది. డిస్కు 500 జీబీ. సర్వర్ ఇన్‌స్టాలరు తనంతట తాను 100 జీబీ మాత్రమే వాడకానికిచ్చి, మిగిలినది భవిష్యత్తుకు అట్టిపెట్టిందట. ఖాతాలో సొమ్ముండి చెక్కు చెల్లనట్లయింది! రెండు ఆజ్ఞలతో ఆ స్థలం కలిపాము. ఫోటోలన్నీ భద్రంగా చేరాయి.

మిత్రులకు నా మనవి: పాత యంత్రాన్ని పారవేయకండి. లినక్స్ వేసుకోదలిస్తే డెస్క్‌టాప్ రకమే వేసుకోండి, ఈ శ్రమ తప్పుతుంది. ఏది వేసినా, ముందు ఫోటోలు, పెన్షను కాగితాల నకళ్ళు వేరేచోట దాచండి. ఆ జాగ్రత్త లేకుంటే ఈరోజు మీ ముందు నవ్వుతూ మాట్లాడగలిగేవాణ్ణి కాను.