కఱవునాటి గడ్డివామి



ఫాల్గునము గడచి చైత్రము ప్రవేశించు దినములలో రైతు సొత్తంతయు నెచట నున్నదని యెవరైన నన్నడిగినచో, గాదెలో ననిగాని బ్యాంకులో ననిగాని చెప్పను. ఊరిబయట వామిదొడ్డిలో నున్నదని చెప్పుదును. వానలు తప్పిన యేట నిది మఱింత నిజము. నల్లమలకు తూర్పున నున్న కంభము, గిద్దలూరు ప్రాంతమున ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా పనిచేసినవాడను. బీళ్లలో పచ్చిక మాడి, చెఱువు అడుగు నెఱ్ఱెలు విచ్చిన పిమ్మట పశువు నోటికి మిగులునది ఆ జొన్నచొప్పయు, ఆ వరిగడ్డియు మాత్రమే.

బడిపంతులను గనుక లెక్క చెప్పక మానను. ఒక యెద్దునకు దినమునకు ఆరేడు కిలోల ఎండుమేత కావలయును. చైత్రారంభము మొదలు, మృగశిర కార్తె వానలు పడి పచ్చిక నోటికందు వఱకు సుమారు 100 దినములు. అనగా జత యెడ్లకు 1,200 మొదలు 1,400 కిలోలు. ఇంతటి రాశి గడియలో బూడిద యగుటకు ఒక బీడీముక్క చాలును.

మేత పోయిన పశువు పోవును. పశువు పోయిన సేద్యము పోవును. 1876లో ఆరంభమై 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన క్షామమును మనవారు ధాత కఱవందురు. అది ధాతనామ సంవత్సరమున పుట్టినది. బళ్లారి, కర్నూలు, కడప సీమలలో జనము లక్షలకొలదిగా నశించుట యందఱెఱిగినదే. మనుష్యులకంటె ముందు పశువులు పడిపోయెను. వానలు తిరిగి వచ్చినను దున్నుటకు ఎడ్లు లేని యిండ్లెన్నియో. నేడు ట్రాక్టరున్నది గదా యని కొందఱనవచ్చును. ట్రాక్టరు పాలీయదు, పెంటయు వేయదు.

నేను పనిచేసిన యొక గ్రామమున, కఱవేట, చైత్రమాసపు మిట్టమధ్యాహ్నము ఒక రైతు వామి యంటుకొన్నది. ప్రక్క చేనివారు కందికట్టె కాల్చుచుండగా పడమటి గాలి లేచినది. ఆ వామినుండి రెండవదానికి, దానినుండి మూడవదానికి మంట దాకినది. మేము బిందెలతో పరుగెత్తితిమిగాని బావిలో చేద మునుగునంత నీరైనను లేదు. వారము తిరుగకముందే ఆ రైతు రెండు కోడెలను సంతకు తోలెను. కఱవేట నందఱును అమ్మువారే, కొనువారు లేరు. వచ్చిన ధర చెప్పుటకు నాకు నోరాడదు.

ఇది అందఱకు దెలిసిన యగ్ని. తెలియని యగ్ని యొకటి కలదు. దానిని గూర్చి చెప్పుటకే నేడు పూనుకొంటిని.

ఇటీవల వసంతఋతువు తన నడక తప్పినది. 2022 మార్చిలో దేశపు సగటు పగటివేడిమి 1901 తరువాతి మార్చిలన్నిటిని మించినదని వాతావరణశాఖవారు ప్రకటించిరి. మఱుసటి యేడు ఫిబ్రవరి నెలయు నట్లే మాడ్చినది. ఆ వెంటనే, 2023 మార్చి నడుమ, తెలంగాణమునను ఆంధ్రమునను అకాలవర్షములు వడగండ్లతో కురిసి మామిడిపిందెలను రాల్చినవి, మొక్కజొన్నను నేలకూల్చినవి, కళ్లములలో మిరపకాయలను తడిపినవి. ఇట్టి వాన పడినపుడు తడిసిన చొప్పను, పైపైన ఆరగానే, మరల వాన వచ్చునేమో యను తొందరలో వామి వేయుదురు. అచటనే యున్నది ముప్పు. లోపల చెమ్మ మిగిలిన మేత బూజుపట్టి తనంతట తాను వేడెక్కును. ఆ వేడి వెలికి పోవు మార్గము లేక దినదినము పెరిగి, కొన్నాళ్లకో కొన్ని వారములకో లోననే నిప్పై రాజుకొనును. నిప్పుపెట్టినవాడెవడని ఊరంతయు వెదకుదురు, పాతపగలు తవ్వుదురు. పెట్టినవాడు లేడు!

గుర్తించుట కష్టము కాదు. బెల్లము మాడినట్టి వాసన గాని, తెల్లవాఱుజామున వామిపై ఆవిరి గాని కనబడినచో అనుమానింపుడు. ఇనుపగునపము నొకదానిని నడుమకు దిగగ్రుచ్చి, కొంతసేపటికి తీసి చేత పట్టి చూడుడు. పట్టలేనంత కాలినచో ప్రమాదము దగ్గఱనే యున్నది. అపుడు తొందరపడి వామిని విప్పరాదు. గాలి తగిలినంతనే మంట లేచును. మొదట నీరు సమకూర్చుకొని, నలుగురిని పిలిచి, 101కి ఫోను చేసి, అగ్నిమాపక దళమువారు వచ్చిన పిదప వారు చెప్పినట్లు విప్పవలయును.

వాన రాకను ముందుగా నెఱుగుట యెట్లు? వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భ లక్షణములు చెప్పి, గర్భము నిలిచిన 195 దినములకు వర్షమగునని లెక్కించెను. ఆ గ్రంథమును నేను భక్తితో చదివినవాడనే. అయినను చొప్ప ఆరబోయుటకు దానిని నమ్ముకొనుమని యెవరికిని చెప్పను. 1875లో స్థాపితమైన భారత వాతావరణశాఖవారు 2019లో ఫోనుద్వారా రైతులకు సూచనలందించు నేర్పాటు నొకదానిని మేఘదూత్ అను పేరనే ఆరంభించిరి. కాళిదాసుని యక్షునకు లేని సౌకర్యము మీ మనుమల చేతిలో నున్నది, అడిగి చూడుడు.

వామి వేయునపుడు ఒకటే పెద్దది వేయక రెండు మూడుగా, ఒకదాని మంట వేఱొకదాని నంటనంత యెడముగా వేయుడు. చుట్టును నాలుగు చాళ్లు దున్ని గడ్డిపోచ లేకుండ చేయుడు. విద్యుత్తీగల క్రింద వలదు. ఎండకు సాగి, గాలికి ఒరసికొని అవి నిప్పులు రాల్చును. అడుగున రాళ్లో కట్టెలో పఱచి, పైన కప్పు వేయక విడువకుడు. ఎండకాలమున కప్పెందులకను మాట యిక చెల్లదు.

కడపట నడవిమాట. పాతగడ్డి కాల్చినచో లేతపచ్చిక వచ్చునని కొండయంచున నిప్పు పెట్టు నలవాటు కొందఱికి కలదు. నేలలో తడియున్న యేట కొంత మొలచునేమో. కఱవేట మసి తప్ప మొలచునది లేదు. మాఘఫాల్గునములలో ఆకు రాల్చిన నల్లమల ఎండుటాకుల పాన్పువలె నుండును. ఆ నిప్పు ఎచట నాగునో పెట్టినవాడెఱుగడు. ఆకుపొర కాలిన వాలుమీద తొలకరి పడినపుడు మట్టి కొట్టుకొని దిగువకు వచ్చును. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మ కడ్డముగా కట్టిన కంభము చెఱువునకు నీరు దిగునది ఆ కొండలనుండియే. ఆ మట్టి చెఱువులో నెంత మేర నిండునో, వచ్చు కఱవునకు అంత నీరు తక్కువ.