కణం దేన్ని కూలుస్తోంది?

 

పట్టాలు అందుకున్న మీరు కణం ప్రొటీన్లను ఎలా తయారు చేస్తుందో అధ్యాయాలకు అధ్యాయాలు చదివారు. వాటిని ఎలా కూలుస్తుందో చదివింది కొద్దిపాటే. 1970లలో శాస్త్రవేత్తల్లో చాలామంది చూపు కూడా తయారీ మీదే ఉండేది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో అవ్రామ్ హెర్ష్‌కో, ఆయన విద్యార్థి ఆరన్ సీఖనోవర్ మాత్రం కూల్చడానికి కణం శక్తిని ఎందుకు ఖర్చుపెడుతుందని అడిగారు. అమెరికాలోని అర్విన్ రోజ్ తోడయ్యారు. కుందేలు రక్తంలోని ముదరని ఎర్రకణాల్లో జవాబు దొరికింది. ఆ ఖర్చు ఎంపిక కోసం! రోడ్డు వెడల్పు చేసేముందు మున్సిపాలిటీ వాళ్లు గోడలకు ఎర్రరంగు గుర్తు వేసినట్టు, పోవాల్సిన ప్రొటీన్‌కు కణం యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను తగిలిస్తుంది. ఆ గుర్తున్నదాన్ని ప్రోటియజోమ్ అనే కణయంత్రం ముక్కలు చేస్తుంది. 2004లో ఈ ముగ్గురికీ రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

క్యాన్సర్ ఈ ఎంపికనే చెడగొడుతుంది. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణం విభజన చెందకుండా ఆపేది పీ53 అనే ప్రొటీన్. హెచ్‌పీవీ వైరస్‌కు చెందిన ఈ6 అనే ప్రొటీన్ మన కణంలోని ఎంజైమునే లోబరచుకుని, పీ53కి ఆ గుర్తు వేయిస్తుంది. కాపలా కాయాల్సిన ప్రొటీన్ అలా ముక్కలైపోతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే ముఖ్యమైన మార్గాల్లో ఇదొకటి. మన ఇళ్లలో ఎందరు తల్లులు ఈ జబ్బు పేరు బయటికి చెప్పలేక, వైద్యం ఆలస్యమై పోయారో తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌లో దారి వేరు. ఆ క్యాన్సర్ కణాలు యాంటీబాడీ ప్రొటీన్లను విపరీతంగా తయారు చేస్తాయి కనుక ప్రోటియజోమ్ ఆగితే తట్టుకోలేవు. దాన్ని అడ్డుకునే బోర్టెజోమిబ్ మందుకు 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. కుందేలు రక్తంతో కుస్తీపట్టిన రోజుల్లో ఇలాంటి మందు ఎవరి ఊహలోనూ లేదు.

పరిశోధనకు వెళ్లేవాళ్లు నలుగురూ వదిలేసిన ప్రశ్నను పట్టుకోండి. నిధులు ఇచ్చేవాళ్లు దాన్ని ఓపిగ్గా సాగనివ్వండి. అయితే పీ53ని హెచ్‌పీవీ బారి నుంచి కాపాడటానికి మీరు ఏ ఆవిష్కరణ కోసమూ ఎదురుచూడనక్కర్లేదు, టీకా ఇప్పటికే ఉంది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్ల మీ ఇంట్లో ఉంటే, చెల్లెలైనా మేనకోడలైనా, ఆ టీకా వేయించండి. పెద్దవాళ్లు సంకోచిస్తే దగ్గర కూర్చుని వివరంగా చెప్పండి. మీ చదువు మీద వాళ్లకు నమ్మకం ఉంది.