ఒకే బల్లపై రెండు భాషలు



బిలాస్‌పూర్‌లోని ఈ లింగియాడీహ్‌కు కోనీ ఎంతో దూరం కాదు. కోనీలోని గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం 1983లో స్థాపితమై, 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. 2022 నుండి ఇట్టి విద్యాలయాల డిగ్రీ తరగతులకు దేశమంతటికీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష జరుగుతున్నది. దానిని 13 భాషలలో వ్రాయవచ్చును. తెలుగు అందులో ఒకటి.

అయితే తెలుగులో పరీక్ష నెగ్గి, శ్రీకాకుళం నుండి వచ్చే విద్యార్థికి తొలి సంవత్సరమే చిక్కు ఎదురవుతుంది. ద్వారం తెలుగులో తెరచుకున్నది. పాఠం హిందీ, ఇంగ్లీషులలో సాగుతుంది. సందేహం అడుగుటకు మాట రాక అతడు మౌనం వహిస్తాడు. ఆ మౌనాన్ని ఇతరులు తెలివితక్కువతనమని భావించవచ్చు. తానూ అట్లే తలచడం మరింత ప్రమాదం.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుండి కొలువులకై ఇటు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల బిడ్డలు మీరు. మీకు హిందీ కరతలామలకం. ఇంట తెలుగు మాట్లాడినా, మీలో పలువురు తెలుగు చదువలేరు. కనుక అతని ప్రక్కన కూర్చొనండి. హిందీలో విన్న పాఠాన్ని సాయంత్రం అతనికి తెలుగులో చెప్పండి. అతని వద్ద అక్షరాలు దిద్దండి.

ఇందులో ఉపకారం ఒకవైపుదే కాదు. అనువాదం నా వృత్తి. ఒక విషయాన్ని మరొక భాషలో చెప్పబోయినప్పుడే అది మనకెంతవరకు అర్థమైనదో తెలుస్తుంది.