ముందువాని వీపు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పుటకు మాకు అవకాశ మొసంగిన కార్యనిర్వాహకవర్గమువారికి కృతజ్ఞతావందనములు. మేము పండితులము కాము, వక్తలమును కాము. యౌవనమున పారాచూటు దళపు వైద్యశాఖలో పనిచేసి, వార్ధక్యమున మీ మధ్యకు వచ్చి చేరినవారము. విద్యనుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు మాకంటె తెలిసినవారు ప్రసంగించియున్నారు. మేము కన్నులార చూచిన యొక విషయమును మాత్రము మనవి చేసికొందుము.

1971వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీ సాయంకాలము రెండవ పారాచూటు పటాలమును, దానికి తోడుగ ఫిరంగిదళమువారును, ఇంజనీర్లును, వైద్యశాఖవారును కలిసి సుమారు ఏడువందలమంది తూర్పు బెంగాలునందలి టాంగైలు సమీపమున విమానములనుండి దుమికిరి. లోహజంగ్ నదిమీది పూంగ్లీ వంతెనను పట్టుకొని, ఉత్తరమునుండి ఢాకాకు మరలుచున్న పాకిస్తాను సేనకు దారి నరికట్టుట అప్పగింపబడిన పని. కొంత సామాను చెరువులలో పడగా గ్రామస్థులు చేయూత నిచ్చిరి. ఆ రాత్రియే వంతెన వశమయ్యెను. డిసెంబరు 16న ఢాకా లొంగిపోయెను. ఇదంతయు చరిత్రగ్రంథములందు కలదు. ఆ వరుసలో మేమును ఒకరము. అప్పటికి మాకు ఇరువది రెండేండ్లు.

విమానమునుండి దుముకుటకు ముందొక నియమము కలదు. అందరును వరుసగా లేచి నిలువబడి, తమ పారాచూటు త్రాటి కొక్కెమును పైనున్న తీగకు తగిలింతురు. అటుపిమ్మట ప్రతివాడును తన ముందువాని వీపుపైనున్న కట్లను, త్రాటిని తడవి చూడవలెను. ఎవని వీపు వానికి కనబడదు గదా! కడపటివాడు మొదలుకొని ఒక్కొక్కరే తమ అంకెను చెప్పి "ఓకే" యని కేక వేయుదురు. అప్పుడు ముందువాని కులమేమి, భాష యేమి యని యడిగినవాడు లేడు. వాని ప్రాణము మన చేతిలోను, మన ప్రాణము వెనుకవాని చేతిలోను ఉండెడిది.

ఉద్యోగము విరమించిన పిదప మేమందరము ఉత్తరములు వ్రాసికొనుచుంటిమి. ఇప్పుడు చేతి టెలిఫోనులు వచ్చినవి. ఇరువదిమందిలో తొమ్మండ్రము మిగిలితిమి. ప్రతి ఆదివారము ఉదయమున వాట్సాప్‌లో ఒక్కొక్కరము మా పాత అంకెను వేసి "ఓకే" యని వ్రాయుదుము. ఎవడైన వ్రాయనిచో వాని వెనుకవాడు విచారింపవలెను. ఇది మా ఏర్పాటు.

వరుసలో మాకు ముందు నిలిచినవాడు మన కులమువాడే, మన జిల్లావాడే. అతని "ఓకే" ప్రతివారమును తప్పక వచ్చుచునే యుండెను. మేము తృప్తిపడి యుంటిమి. ఒకనాడు సాతారానుండి మరాఠా మిత్రుడొకడు మాకు టెలిఫోను చేసి, "భాయీ! వానితో మాటలాడితిని. గొంతు లోపలికి పోయినది. నీ ముందువాని వీపు చూచితివా?" యని యడిగెను. మాకు తల కొట్టివేసినట్లయ్యెను. అచ్చుటక్షరములలో వణుకు కనబడదు.

మరునాడే పోయి చూచితిమి. మిత్రునికి పార్కిన్సన్ వ్యాధి. మన వైద్యులు కంపవాతమందురు. పట్టి ఏడాది దాటినదట. అతని యిల్లాలు, "అన్నయ్యగారూ, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు పెట్టించుకొన్నారండి. జాలిపడుదురని ఆయన భయము" అని కన్నీరు పెట్టుకొనెను. విమానపు ద్వారమువద్ద ఒక్కనాడైన అడుగు తడబడనివాడు, సొంత యింటి గడపవద్ద కాలు కదల్పలేక నిలిచిపోవుచుండెను.

అతనికి ధనలోపము లేదు. పింఛను వచ్చుచుండెను. 2003లో ఏర్పడిన మాజీసైనికుల వైద్యపథకముద్వారా మందులును లభించుచుండెను. లోపించినది తోడు. ఈ వ్యాధిలో వ్రాత నానాటికి చిన్నదగును. సంతకము కలియలేదని ఒక బ్యాంకువారు రెండుమారులు త్రిప్పి పంపిరి. సిగ్గుపడి మూడవమారు అతడు పోలేదు. భార్య పేరు సైన్యపు దస్తరములో నొకవిధముగను, ఇతర పత్రములలో వేరొకవిధముగను ఉండెను. అతని యనంతరము ఆమెకు రావలసిన కుటుంబపింఛనుకు అదియే అడ్డుపడెడిది.

సాతారా మిత్రుడు డెబ్బదియారేండ్ల వయసున రైలెక్కి వచ్చి పదిదినము లుండెను. మందు వేళ తప్పరాదు గనుక గోడ క్యాలెండరుపై గంటలు వ్రాసిపెట్టెను. కాలు నిలిచిపోయినప్పుడు కవాతునందువలె "ఏక్, దో, ఏక్" అని లెక్క పెట్టగా మిత్రుడు గడప దాటెను! తాళముననుసరించి అడుగు సాగుట ఈ వ్యాధిలో కలదని వైద్యులును చెప్పిరి. రాలేని గఢ్వాలు మిత్రుడు నేటికిని ప్రతిదినము ఉదయము ఎనిమిదింటికి టెలిఫోనులో ఆ లెక్క వినిపించుచున్నాడు. చేయి సంతకము చేయగలిగియుండగనే భార్య పేరు సరిచేయించితిమి. బ్యాంకులో వ్రేలిముద్ర ఏర్పాటు చేయించితిమి. ప్రతి నవంబరులో ఈయవలసిన జీవనధ్రువపత్రము ఇంటినుండియే టెలిఫోనుద్వారా పంపుట అతని మనుమనికి నేర్పితిమి. రోగము కుదురలేదు, కుదురునదియు కాదు. అయినను అతడిప్పుడు వీధి యరుగుమీద కూర్చుండుచున్నాడు.

మహాజనులారా! ఇక చెప్పుటకు కష్టమైన మాట యొకటి కలదు. ఈ మిత్రుడు మన విద్యార్థివసతిగృహమునకు ఇరువదియేండ్లు ఏటేట చందా పంపినవాడు. రెండేండ్లుగా పంపలేదు. మన పుస్తకములో అతని పేరెదుట "బాకీ" యని వ్రాసియున్నది. ఎందుకు పంపలేదని అడిగినవారు లేరు. ఆ పుస్తకమును చూచి సంతకము చేసినవారిలో మేమును ఉంటిమి. మరాఠావాడు గొంతు విని కనుగొన్నదానిని, మనము లెక్క చూచియు కనుగొనలేకపోతిమి. ఈ తప్పు ముందుగా మాది. పిదప మన అందరిది.

కావున రెండు మనవులు. మొదటిది: చందా నిలిచిన ప్రతి పేరునకును "బాకీ" యని వ్రాయుటకు ముందు ఒకరు స్వయముగా ఆ యింటికి పోయి రావలెను. రెండవది: ప్రతి గ్రామమునను వృద్ధుల నొక వరుసగా నేర్పరచి, ఒక్కొక్కరి బాగోగులు విచారించు భారము వేరొకరికి అప్పగింపవలెను. ఆ వరుసలో మన కులమువారే యుండవలెనను నియమము వలదు. మన వానికొరకు సాతారానుండి వచ్చినవాడు కులమడిగి రైలెక్కలేదు.

గొప్పగొప్ప నిధులు కూడిన పిదప చేయవలసిన పని కాదిది. రేపటి యుదయమే ఆరంభింపవచ్చును. మీలో ప్రతియొక్కరును ఇంటికి పోవుచు, "నా ముందున్న వాడెవడు?" అని యొక్కమారు తలచికొందురుగాక యని వేడుకొని, మా యుపన్యాసమును ముగించుచున్నాము.