విదేశంలో ఏటీఎం డబ్బులివ్వకపోతే, చేతిలో దొంగనోటు పడితే ఏం చేయాలి?

థాయిలాండ్, వియత్నాం, బాలి, దుబాయ్... ఇప్పుడు మన ఊళ్ల నుంచి కూడా కుర్రాళ్లు బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా వెళ్తున్నారు. టికెట్ ఎక్కడ చవక, హోటల్ ఎక్కడ బాగుంటుంది అని చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. అక్కడికెళ్లాక డబ్బుతో తేడా వస్తే ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ ఎపిసోడ్.

రెండు సమస్యల గురించి మాట్లాడుకుందాం. ఒకటి, ఏటీఎంలో డబ్బులు రాలేదు గానీ అకౌంట్‌లో కట్ అయ్యాయి. రెండోది, చేతికొచ్చిన నోటు దొంగనోటు. ఈ రెండూ ఒకేలాంటి మోసంలా కనిపిస్తాయి. కానీ వీటికి మందు వేరు. మొదటిదానికి ఇంటికొచ్చాక కూడా పోరాడొచ్చు. రెండోదానికి మీరు ఆ చోటు వదిలి కదిలితే దాదాపు కథ అయిపోయినట్టే. ఇది ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

మన ఛానెల్ చూసే ఒక తమ్ముడు పెద్ద మెయిల్ పెట్టాడు. నలుగురు ఫ్రెండ్స్ కలిసి బ్యాంకాక్ వెళ్లారు. మూడో రోజు రాత్రి ఇతను ఏటీఎంలో 10,000 బాట్‌లు కొట్టాడు. లోపల నోట్లు లెక్కపెట్టే సౌండ్ వచ్చింది, స్క్రీన్ మీద ఏదో ఎర్రర్ వచ్చింది, కార్డు బయటికొచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. ఈలోగా ఫోన్‌లో టింగుమని మెసేజ్. 10,220 బాట్‌లకు సరిపడా రూపాయలు కట్ అయ్యాయి. ఆ 220 ఏంటంటే, విదేశీ కార్డు వాడినందుకు అక్కడి ఏటీఎంలు తీసుకునే చార్జీ. థాయిలాండ్‌లో చాలా ఏళ్లుగా ఉన్నదే. అంటే పాపం, రాని డబ్బుకి చార్జీ కూడా పడింది.

పొద్దున్నే అక్కడి బ్యాంక్ బ్రాంచ్‌కి వెళ్తే, 'మీ కార్డు ఇచ్చిన బ్యాంకుని అడగండి' అని పంపించేశారు. ఇండియా వచ్చి సొంత బ్యాంకులో కంప్లైంట్ పెడితే పదిహేను రోజులకి 'ట్రాన్సాక్షన్ సక్సెస్‌ఫుల్, కంప్లైంట్ క్లోజ్డ్' అని మెసేజ్ వచ్చింది. ఇక్కడే చాలామంది 'పోనీలే, మన ఖర్మ' అని వదిలేస్తారు. వదిలేయకండి.

అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఆ మెషిన్ ఓనర్ బ్యాంకుకీ మీకూ ఏ సంబంధమూ లేదు. మీ అకౌంట్ వాళ్ల దగ్గర లేదు, మీ డబ్బు వాళ్లు నేరుగా వెనక్కి వేయలేరు. మీ బ్యాంకు, మధ్యలో వీసా లేదా మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్, అటువైపు ఆ ఏటీఎం బ్యాంకు. డబ్బు ఈ దారిలో వెళ్లింది, ఇదే దారిలో వెనక్కి రావాలి. ఈ వెనక్కి రప్పించే పద్ధతినే చార్జ్‌బ్యాక్ అంటారు. అంటే బ్రాంచ్ వాళ్లు ఆ తమ్ముణ్ణి పంపించేయడం మర్యాదగా లేకపోవచ్చు గానీ, చెప్పిన దారి మాత్రం కరెక్టే.

ఇప్పుడు సాక్ష్యం సంగతి. ప్రతి ఏటీఎంలో ఒక లాగ్ ఉంటుంది. ఏ టైమ్‌కి ఏ కార్డు, ఎంత అడిగారు, ఎన్ని నోట్లు కదిలాయి, ఎక్కడ ఎర్రర్ వచ్చింది, అన్నీ అందులో రికార్డవుతాయి. రెండోది క్యాష్ లెక్క. మెషిన్‌లో పెట్టిన డబ్బు, ఇచ్చిన డబ్బు, మిగిలిన డబ్బు. మీకు 10,000 బాట్‌లు రాకపోతే, ఆ మెషిన్‌లో లెక్క కంటే 10,000 ఎక్కువ తేలాలి కదా! మూడోది కెమెరా. ఈ మూడూ అటువైపు బ్యాంకు చేతిలోనే ఉంటాయి. మీ చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఆ మెషిన్ ముందు నిలబడ్డ ఐదు నిమిషాల్లో మీ సాక్ష్యం మీరు తయారు చేసుకోవాలి.

ఎలా అంటే, డబ్బు రాకపోతే వెంటనే కదలొద్దు. కొన్ని మెషిన్లు కాస్త ఆలస్యంగా నోట్లు బయటకి తోస్తాయి. మీరు వెళ్లిపోతే వెనకొచ్చినవాడు తీసుకుంటాడు. అలాగే నిలబడి స్క్రీన్ మీద ఎర్రర్ ఫొటో తీయండి. మెషిన్ మీద ఎక్కడో ఒక చోట దాని నంబర్ స్టిక్కర్ ఉంటుంది, అదీ ఫొటో తీయండి. ఖాళీగా ఉన్న నోట్లొచ్చే చోటు, స్లిప్ వస్తే స్లిప్. ఆ షాపు లేదా వీధి కనిపించేలా ఇంకొకటి. ఇవన్నీ టైమ్‌తో సహా మీ ఫోన్‌లో ఉండిపోతాయి. అదే చోట మళ్లీ డబ్బు తీయడానికి ట్రై చేయొద్దు. రెండు ట్రాన్సాక్షన్లు కలిసిపోతే తర్వాత లెక్క తేల్చడం నరకం.

తర్వాత హోటల్‌కి వెళ్లే లోపే బ్యాంక్ యాప్‌లో కంప్లైంట్ పెట్టేయండి. ఫోన్ చేయాలంటే మన 1800 టోల్ ఫ్రీ నంబర్లు చాలాసార్లు విదేశం నుంచి కలవవు. ప్లస్ 91తో మొదలయ్యే నంబర్ కార్డు వెనక గానీ యాప్‌లో గానీ ఉంటుంది. బయల్దేరే ముందే సేవ్ చేసుకోండి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మన దేశంలో ఏటీఎం డబ్బివ్వకపోతే 5 రోజుల్లో వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు పరిహారం అని 2019 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ రూల్ తెచ్చింది. నిజమే. కానీ ఆ రూల్ లావాదేవీ రెండు చివరలూ ఇండియాలోనే ఉన్నప్పుడు మాత్రమే వర్తిస్తుంది. బ్యాంకాక్ ఏటీఎంకి ఆ 5 రోజులూ లేవు, ఆ 100 రూపాయలూ లేవు. అక్కడ నడిచేది కార్డు నెట్‌వర్క్ రూల్. వీసాలో డబ్బు అందలేదన్న వివాదానికి మీ బ్యాంకుకి ఉండే గడువు మామూలుగా 120 రోజులు. గమనించండి, ఆ గడువు మీ బ్యాంకుకి. మీరు మూడు నెలలు పడుకుని లేచి వెళ్తే వాళ్లకి టైమ్ మిగలదు.

మరి ఆ తమ్ముడేం చేశాడు? కంప్లైంట్ మళ్లీ తెరిపించాడు. ఈసారి ఫొటోలన్నీ జత చేసి, 'ఏటీఎం బ్యాంకు దగ్గర్నుంచి మెషిన్ లాగ్, ఆ రోజు క్యాష్ లెక్క తెప్పించి నాకు చూపించండి' అని రాతపూర్వకంగా అడిగాడు. 220 బాట్‌ల చార్జీ కూడా కలిపి అడిగాడు. అంతే, యాభై రోజులకి మొత్తం డబ్బు వెనక్కొచ్చింది. సక్సెస్‌ఫుల్ అని ఒక్క ముక్కలో తోసేయడం ఈజీ. లెక్క చూపించమంటే మాత్రం ఎవరో ఒకరు లెక్క తీయాల్సిందే.

అప్పటికీ తేలకపోతే? కంప్లైంట్ పెట్టిన 30 రోజుల్లో మీ బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. విదేశీ బ్యాంకు మీద కాదు, మీ కార్డు ఇచ్చిన ఇండియా బ్యాంకు సరిగ్గా పట్టించుకోలేదని మీ ఫిర్యాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఇంకో రకం కూడా ఉంది. మీరు అసలు తీయని డబ్బు కట్ అవ్వడం, అంటే కార్డు కాపీ కొట్టడం. అప్పుడు వెంటనే కార్డు బ్లాక్ చేసి 3 పని దినాల్లోపు బ్యాంకుకి చెప్పాలి. మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్లు చేసిన మోసమైతే, ఆ గడువులో చెప్పినవాళ్ల మీద భారం పడకూడదని 2017 జులైలో వచ్చిన రిజర్వ్ బ్యాంక్ రూల్ చెప్పింది. పిన్ మీరే ఎవరికైనా చెప్పి ఉంటే మాత్రం ఆ రక్షణ ఉండదు.

సరే, ఇప్పుడు రెండో సమస్య. అదే మెయిల్‌లో ఆ తమ్ముడు ఇంకో సంగతి రాశాడు. వాళ్లలో ఒకడికి నైట్ మార్కెట్లో డబ్బులు మార్చుకుంటే వచ్చిన 1,000 బాట్‌ల నోటు మర్నాడు ఒక షాపులో చెల్లలేదు. షాపావిడ నోటు పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపి ఇచ్చేసింది. రూమ్‌కొచ్చాక ఫ్రెండ్స్ అన్నారట, 'ఏముంది రా, రాత్రి ట్యాక్సీ వాడికి అంటగట్టేద్దాం, చీకట్లో చూడడు.'

ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇదే. ఆ పని చేయొద్దు. తెలియకుండా మీ చేతికి దొంగనోటు వస్తే మీరు బాధితులు. తెలిశాక దాన్ని ఇంకొకడికి ఇస్తే మీరు నేరస్తులు. థాయిలాండ్ చట్టంలో ఇది ప్రత్యేకంగా రాసి ఉంది. తెలియక తీసుకుని, తెలిశాక కూడా వాడితే జైలు శిక్ష పడొచ్చు. అమెరికాలో మోసం చేసే ఉద్దేశంతో దొంగనోటు చలామణి చేస్తే ఫెడరల్ చట్టం కింద 20 ఏళ్ల వరకు శిక్ష ఉంది. రెండున్నర, మూడు వేల రూపాయల కోసం పరాయి దేశంలో పోలీస్ స్టేషన్, భాష రాదు, ఫ్లైట్ పోతుంది, వీసా మీద మచ్చ పడుతుంది. పైగా ఆ ట్యాక్సీ అతను కూడా రోజు కూలీ లాంటివాడే. మీ నష్టం అతని నెత్తిన రుద్దడం ఏం న్యాయం?

నోటు వల్ల పోలీసులు రావడం ఎంత దూరం పోతుందో ప్రపంచం మొత్తం చూసింది. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ ప్రాణం పోయిన ఘటన మొదలైంది, ఒక షాపులో 20 డాలర్ల నోటు నకిలీదేమోనన్న అనుమానంతో పోలీసులకి వెళ్లిన ఫోన్ కాల్‌తోనే. అమెరికాలో స్టోర్ కౌంటర్ల మీద పనిచేసే మన తెలుగువాళ్లు కూడా గుర్తుంచుకోండి. అనుమానం వస్తే నోటుని ఎక్కువగా తాకకుండా కవర్లో పెట్టండి, ఇచ్చినవాళ్ల ఆనవాళ్లు గమనించండి, పోలీసులకి అప్పగించండి. గొడవకి దిగొద్దు.

మరి ఆ నోటు డబ్బు తిరిగొస్తుందా? నిజం చెప్పాలంటే దాదాపు రాదు. బ్యాంకుకిస్తే తీసుకుని ఉంచేసుకుంటారు, బదులు మంచి నోటు ఇవ్వరు. మన దేశంలో కూడా అంతే, రసీదిస్తారు గానీ విలువ ఇవ్వరు. ఏటీఎం నుంచే వచ్చిందని చార్జ్‌బ్యాక్ వేద్దామన్నా కుదరదు. ఎందుకంటే లాగ్‌లో 'పది నోట్లు ఇచ్చాం' అని ఉంటుంది. నోటు మంచిదా చెడ్డదా అన్నది ఆ లాగ్‌లో ఉండదు. రెండు సమస్యలకీ మందు వేరు అని మొదట్లో అన్నది ఇందుకే.

అందుకని ఏటీఎం ముందే, కెమెరా కిందే నోట్లు లెక్కపెట్టండి. ఏదైనా తేడాగా ఉంటే దాని సీరియల్ నంబర్ కెమెరాకి కనిపించేలా పట్టుకోండి. చైనాలో అయితే ఏటీఎంలో పెట్టే 100 యువాన్ల నోట్ల సీరియల్ నంబర్లు బ్యాంకులు రికార్డు చేస్తాయి, వివాదమొస్తే సరిచూడమని అడగొచ్చు. అన్ని దేశాల్లోనూ ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోవద్దు. వీలైతే బ్యాంకు బ్రాంచ్‌కి ఆనుకుని ఉన్న మెషిన్‌లో, బ్రాంచ్ తెరిచి ఉన్న టైమ్‌లో తీయండి. అప్పుడు అక్కడికక్కడే లోపలికెళ్లి అడగొచ్చు.

మామూలుగా దొంగనోట్లు ఏటీఎం కంటే చిల్లర దగ్గర, రోడ్డు పక్కన డబ్బు మార్చేవాళ్ల దగ్గర ఎక్కువగా తగులుతాయి. చైనాలో, అర్జెంటీనాలో టూరిస్టుల మీద బాగా వాడిన పాత ట్రిక్ ఒకటుంది. మీరు మంచి నోటిస్తారు. ట్యాక్సీ అతను కింద పట్టుకుని మార్చేసి, 'ఇది చెల్లదు, ఇంకోటి ఇవ్వు' అని దొంగనోటు మీకే తిరిగిస్తాడు. దీనికి విరుగుడు చాలా సింపుల్. పెద్ద నోటు ఇచ్చే ముందు సీరియల్ నంబర్లో చివరి మూడు అంకెలు పైకి చదవండి. మీరు చూశారని తెలిస్తే మార్చే ధైర్యం చేయడు. వియత్నాంలో ఇంకో తలనొప్పి. 20,000 డాంగ్, 5,00,000 డాంగ్ నోట్లు రెండూ నీలంగానే ఉంటాయి. చీకట్లో ఒకటనుకుని ఇంకొకటి ఇచ్చేస్తారు. సున్నాలు లెక్కపెట్టి ఇవ్వండి.

థాయ్ నోటు చూసుకోవడానికి మూడు పనులు చాలు. తాకండి, వెలుతురుకి పట్టండి, వంచి చూడండి. అసలు నోటు మీద అచ్చు వేలికి గరుకుగా తగులుతుంది. కాగితం నోట్లలో అయితే వెలుతురులో రాజుగారి వాటర్‌మార్క్ కనిపిస్తుంది. వంచితే పెద్ద నోట్ల మీద కొన్ని చోట్ల రంగు మారుతుంది. ఇంకో మాట, నోటు చెల్లలేదన్న కోపంలో దాన్ని నేలకేసి కొట్టి తొక్కొద్దు. దాని మీద రాజుగారి బొమ్మ ఉంటుంది, అక్కడ రాజుని అవమానించడం పెద్ద నేరం. సాయం కావాలంటే థాయిలాండ్ టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155.

ఆ మెయిల్ ఫ్రెండ్స్ చివరికి ఏం చేశారంటే, ఆ నోటు ఎవరికీ అంటగట్టకుండా మర్నాడు ఒక బ్యాంకులో ఇచ్చేశారు. నలుగురూ తలా 250 బాట్‌లు వేసుకుని ఆ నష్టం పంచుకున్నారు. నాకు ఆ మెయిల్ మొత్తంలో బాగా నచ్చింది అదే.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా ట్రిప్‌కి రెడీ అవుతుంటే ఇది పంపించండి. బయల్దేరే ముందు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకుని, లిమిట్ తక్కువ పెట్టుకుని, రెండో కార్డు వేరే బ్యాగ్‌లో పెట్టుకోమని చెప్పండి. ఇలాంటి అనుభవం మీకూ ఉంటే రాయండి, ఇంకొకరికి పనికొస్తుంది.