చిన్న వర్తకులు - వెబ్‌సైట్ల రక్షణము

(గూడూరునందు జరిగిన వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)

  

 మేము ముప్పదియేండ్లకు పైగా బాలురకు శబ్దమంజరిని, అమరకోశమును చెప్పి విశ్రాంతి గైకొన్నవారము. యంత్రవిద్యయందు పండితులము కాము. అట్టి మేము చిన్న వర్తకుల వెబ్‌సైట్ల రక్షణమును గూర్చి మాటలాడ సాహసించుటకు మా యింట జరిగిన నష్టమే కారణము. నష్టపడినవాని మాటయందు పాండిత్యము లేకున్నను ప్రయోజనముండును.

మనము జాబులలో "యోగక్షేమములు" అని వ్రాయుచుందుము. ఆ రెండు పదములకును వేఱువేఱు అర్థములు కలవు. లేనిదానిని సంపాదించుట యోగము. సంపాదించినదానిని కాపాడుకొనుట క్షేమము. మన యువకులు యోగమునందు దిట్టలు. 2016 అక్టోబరు 11వ తేదీన మహబూబాబాదు జిల్లా ఏర్పడి మన గూడూరు మండలము దానిలో చేరిన నాటికిని నేటికిని బజారు ఎంత మాఱినదో మీరెఱుగుదురు. చీరల దుకాణమువాడును, విత్తనముల వర్తకుడును చేతిలోని ఫోనుతోనే బేరము సాగించుచున్నారు. కొందఱు సొంత వెబ్‌సైట్లను పెట్టిరి. ఇది సంతోషింపదగినదే. కాని క్షేమమును తలచినవారు తక్కువ.

మా అన్నకుమారుని వృత్తాంతము వినుడు. అతనికి చీరల దుకాణము కలదు. పట్టణమునుండి వచ్చిన యొక యువకునిచే సైటు చేయించెను. దాని పేరు, అనగా డొమైను, ఆ యువకుని పేరనే నమోదయ్యెను. పాస్‌వర్డును అతనియొద్దనే యుండెను. "ఇవి మన చేతిలో నుండవలదా?" యని యింటి ఆడువా రడుగగా, "చిన్న దుకాణమునకు ఎవడు కన్నము వేయును?" అని పెద్దఱికముతో త్రోసివేసినవారము మేమే. రెండేండ్లకు ఆ యువకుడు వేఱొక కొలువునకు పోయెను. డొమైనునకు ఏటేట చెల్లింపవలసిన రుసుము చెల్లించువాడు లేక గడువు తీరెను. ఎవడో ఆ పేరును కొని, పాత పుటలనే యథాతథముగ నిలిపి, ఫోను నంబరు మాత్రము మార్చెను. తరతరములుగా మా దుకాణమునకు వచ్చు నొక ముసలమ్మ, మనుమరాలి పెండ్లి చీరలకై ఆ నంబరునకు నాలుగువేల రూపాయలు పంపించి, తరువాత మా గడప యెక్కి, "సారూ, మీ పేరు చూసే పైసలు పంపించిన" అనెను. ఆ సొమ్ము మే మిచ్చితిమి. కాని "మీ పేరు" అను ఆ రెండు పదములు నేటికిని మమ్ము బాధించుచున్నవి. వర్తకునకు మూలధనము పేరే గదా!

చిన్నవాని జోలికి ఎవడు వచ్చునను తలంపే మొదటి ప్రమాదము. పూర్వము దొంగ ధనికుని యిల్లు వెదకి వచ్చెడివాడు. నేటి దొంగ స్వయముగా రాడు. వాని ప్రోగ్రాములు రేయింబవళ్లు లెక్కలేనన్ని సైట్లను తట్టిచూచుచు, గడియ వేయని తలుపు కన్పడినచోట ప్రవేశించును. వానికి గూడూరనియు హైదరాబాదనియు భేదము లేదు.

2017 మే 12న వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము లోకమెల్ల వ్యాపించి, కంప్యూటర్లలోని దస్త్రములకు తాళము వేసి సొమ్ము కోరెను. ఆంధ్రప్రదేశమున పోలీసుశాఖవారి కంప్యూటర్లును, తిరుమల తిరుపతి దేవస్థానమువారి కంప్యూటర్లు కొన్నియు దాని వాత బడెను. ఆ రోగమునకు మైక్రోసాఫ్ట్ కంపెనీ మార్చి 14వ తేదీననే మందు విడుదల చేసియుండెను. సకాలమున మందు వేసికొన్నవారు బ్రతికిరి. మఱియు 2022 జనవరిలో హైదరాబాదులోని మహేశ్ సహకార బ్యాంకునుండి 12 కోట్ల 48 లక్షల రూపాయలు అపహరింపబడెను. రెండు నెలలకు పూర్వము ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈ-మెయిళ్లను తెఱచుటయే దానికి నాంది యని పోలీసువారు తేల్చిరి. పెద్దలే యిట్లు పడగా మన మెంత?

కావున మా విన్నపము లైదు.

మొదటిది: డొమైనును, హోస్టింగును యజమాని పేరనే, యజమాని ఫోనుతో నమోదు కావలెను. సైటు చేసినవాడు మేస్త్రివంటివాడు. మేస్త్రికి కూలి యిత్తుము గాని ఇంటి పట్టా వ్రాసి యీయము గదా! గడువు తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తించుకొనుడు.

రెండవది: అన్ని తలుపులకు ఒకే తాళపుచెవి తగదు. ఒక్కొక్కదానికి వేఱు పాస్‌వర్డు, అదియు దీర్ఘమైనది, ఉండవలెను. దానికి తోడు ఫోనుద్వారా రెండవ తనిఖీని పెట్టుకొనుడు. ఓటీపీని ఎవరడిగినను చెప్పకుడు.

మూడవది: సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు నవీకరింపుడు. లోకమున పదింట నాలుగు సైట్లకు పైగా వర్డ్‌ప్రెస్‌పై నడచుచున్నవి. దానికి జోడించిన ప్లగిన్‌లలో వాడనివానిని తొలగింపుడు. కొన్ని బ్రౌజరులలో సైటు పేరు ప్రక్క కన్పడు తాళపు గుర్తునకు వలసిన సర్టిఫికెట్టు ఉచితముగనే లభించును. కాని ఆ గుర్తు దారిలో మాట బయట పడకుండ కాపాడునే గాని, ఎదుటివాడు సత్యవంతుడని చెప్పదు.

నాలుగవది: సైటు ప్రతిని వారమున కొకసారి వేఱొకచోట దాచుడు. దాచినది మఱల తెఱచుకొనునో లేదో పరీక్షింపుడు. విత్తనము మొలకెత్తునో లేదో చూడక గాదెలో పోసిన ఫలమేమి?

అయిదవది: అక్కఱలేని సమాచారమును సేకరింపకుడు. కొనుగోలుదారుల కార్డు నంబర్లను వర్తకులు దాచరాదని రిజర్వుబ్యాంకు విధించిన నియమము 2022 అక్టోబరు 1వ తేదీనుండి అమలునందున్నది. ఆపద వచ్చినచో సిగ్గుపడి దాచక, కొనుగోలుదారులకు వెంటనే తెలుపుడు. సొమ్ము పోయినచో 1930 నంబరునకు ఫోను చేయుడు. ఎంత త్వరగా చేసిన, ఆ సొమ్మును నడుమ ఆపుటకు అంత వీలు. దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగినట్లు కారాదు.

ఇక మన సంఘము మాట. మనము వధూవరుల వివరములను, విద్యార్థి వేతనముల దరఖాస్తులను సైటునందుంచ దలచితిమి. మంచిదే. కాని మన యాడపిల్లల ఫోను నంబర్లు, చిరునామాలు, తలిదండ్రుల ఆదాయములు అందుండును. ఇవి పరుల చేత బడినచో ఏ తీర్మానముతోను తిరిగి రావు. ఇట్టి సమాచారమును కాపాడు బాధ్యత సేకరించినవారిదే యని 2023వ సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. తాళపుచెవు లెవరియొద్ద నుండునో, ఎవరికి ఏ పుట చూచు నధికారము కలదో వ్రాసి నిర్ణయించిన పిదపనే ఆ సైటు తెఱువుడని మా ప్రార్థన.

పోషకులగు దాతలకు మఱియొక మనవి. మన పిల్లలలో ఒకనికి గాని ఒకతెకు గాని ఈ విద్య నేర్పించి, మండలములోని చిన్న దుకాణముల సైట్లను ఏటికి రెండుమాఱులు తనిఖీ చేయించినచో, సత్రము కట్టించిన పుణ్యమునకు తక్కువ కాదు.

మేము చిన్న దుకాణమని నిర్లక్ష్యము చేసి చెడితిమి. మీరట్లు చెడకుందురుగాక! మీ యోగముతోపాటు క్షేమమును వర్ధిల్లుగాక! సెలవు.